పిడికిట్లో బీరువా తాళాలు

ప్రొద్దుటూరులో డిటెక్టివ్ నాగేంద్ర ఆఫీసుకు పద్నాలుగు మెట్లు. అవి ఎక్కడానికి మసరత్‌కు పది నిమిషాలు పట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, ముసలమ్మలా గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది.

“మా అత్త నాకు విషం పెడతాంది సార్,” అంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

భర్త ముజమ్మిల్ కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో తనూ, అత్త దిల్షాద్‌బీ. ఇద్దరూ పగలంతా మేడ మీద ఎండలో సేమ్యాలు ఆరబెట్టి అమ్ముతారు. కొన్ని నెలలుగా మసరత్‌కు ఒకటే ఎముకల నొప్పి, వేళ్ళు కొంకర్లు పోవడం.

“రంజాన్‌లో ఆమె ఇచ్చిన షర్బత్ తాగి పడిపోతి. లేచేసరికి నాలుక తెగి రక్తం. పిడికిట్లో బీరువా తాళాలు! నా మీద దొంగతనం మోపల్లని పెట్టింటాది. ఆ దినం నుంచి ఆమె చేతి పాలు, గుడ్డు ఏవీ ముట్టలే. టీ, బన్నుతో బతుకుతాండా.”

“మందులేమన్నా వాడతాండావామ్మా?”

“రక్తం పట్టే మాత్రలు, చిన్నప్పట్నుంచి. మా అన్న నయీంకు జమ్మలమడుగులో మందుల షాపుంది. నెలనెలా డబ్బాలో పోసిస్తాడు. రంజాన్‌లోనే నాలుగు దినాలు మానింటి.”

ఆమె తీసి చూపిన డబ్బాలో అట్టల్లోంచి విప్పిన తెల్లటి మాత్రలున్నాయి. నాగేంద్ర ఒకటి తీసుకున్నాడు. కొంగు జారినప్పుడు, ఆమె చిగుళ్ళు పళ్ళ మీదికి ఉబ్బి ఉండటం చూశాడు.

విషం అనుమానంతో మసరత్ ల్యాబులో చేయించుకున్న రక్తపరీక్ష రిపోర్టును, ఆమె వెళ్ళాక అసిస్టెంటు కవిత చదివింది. “కాల్షియం తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ. ఇదేం విషం సార్?”

“ఎముకలు మెత్తబడుతున్నాయని అనుమానించాలి. డాక్టర్లు ముందు విటమిన్ డి లోపమేమో చూస్తారు. ఎండ తగలకపోయినా, కిడ్నీలు చెడినా, పేగులు తిండిని పీల్చుకోకపోయినా ఇలా రావచ్చు.”

“కడప ఎండలో సేమ్యాలు ఆరేసే మనిషికి ఎండ కరువా! కిడ్నీ పరీక్ష బాగుంది. అరుగుదలకూ లోటు లేదంది.”

“అయితే ఇంకొకటి మిగిలింది,” అన్నాడు నాగేంద్ర. అదేమిటో మాత్రం చెప్పలేదు. డిటెక్టివ్‌లకు అదో జబ్బు.

మర్నాడు దిల్షాద్‌బీ ఇంట్లో అందరూ కూర్చున్నారు. నాగేంద్ర పిలిపిస్తే నయీం కూడా వచ్చాడు.

“పొద్దున్నే మా ఆయనకు మెసేజ్ పెట్టినా,” అంది మసరత్. “మీ అమ్మ విషం పెడతాంది, ఆమె కావల్నో నేను కావల్నో తేల్చుకోమని.”

నాగేంద్ర దిల్షాద్‌బీ వైపు తిరిగాడు. “ఆ తాళాలు ఎందుకు పెట్టినారమ్మా?”

“కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాంటే ఏం చేయల్ల సార్? ఫిట్స్ వస్తే ఇనుము పట్టిస్తారు కదా.”

“ఫిట్సా? నాకా?” అంది మసరత్.

“తాళాలతో ఏ ఫిట్సూ తగ్గవు గాని, నాకు దారి చూపినాయి,” అన్నాడు నాగేంద్ర. “నాలుక తెగింది. మాత్రలు మానిన నాలుగు రోజులకే పడిపోయింది. చిగుళ్ళు ఉబ్బినాయి. మాత్రను వేరే మందుల షాపులో చూపించినాను. అది ఫిట్స్ మాత్ర, చిగుళ్ళు ఉబ్బేదీ దానివల్లే. ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ డి తగ్గిపోయి ఎముకలు చెడతాయి. పైగా ఈ తల్లి పాలూ గుడ్లూ మానేసింది. నయీం, మందులమ్మేవాడివి. ఒక్కసారన్నా డాక్టరుకు చూపించినావా?”

నయీం తల వంచుకున్నాడు. “చూపిస్తే బయటపడుతుందని సార్. పెళ్ళి కాదని మా నాయన దాయమన్నాడు. నీ మంచికేనమ్మీ...”

“నా జబ్బు నా దగ్గరే దాస్తివా?” అంది మసరత్. “నువ్వు పోసిచ్చింది తింటి. అత్త ఇచ్చింది పారబోస్తి.”

“మాత్రలు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. ఈరోజే పెద్ద డాక్టరు దగ్గరికి పోవాలి,” అన్నాడు నాగేంద్ర.

ఫోన్ మోగింది. కువైట్ నుంచి. చెప్పొద్దని నయీం చేతులు జోడించాడు. మసరత్ అతని వైపు చూడనైనా లేదు.

“మీ అమ్మ ఏ పాపం ఎరగదు. నాకు ఫిట్స్ ఉండాయంట. మా వాళ్ళు దాచి నీకిచ్చి పెళ్ళి చేసినారు,” అంది.

అవతల్నుంచి ముజమ్మిల్, “అమ్మకియ్యి,” అన్నాడు.

దిల్షాద్‌బీ ఫోన్ అందుకుంది. “నాకు రంజాన్ అప్పుడే తెలుసులేరా. ఈ పిల్లకూ తెలుసనుకోని, మనసు నొప్పించేది ఎందుకని అడగలే. పెట్టేయ్, పొయ్యి మీద పిల్లకు పాలు పెట్టినా.”