కోనమ్మ ఊడ్చేసిన అడుగులు

ఏడు గుట్టలకు ఈవల మేఖలగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి రాజున్నాడు కానీ ఎవరి కంటికీ కనబడడు. సింహాసనం మీద నుంచి గొంతు మాత్రం వినబడేది. ఆ గొంతు కూడా రోజురోజుకూ సన్నబడుతోంది. అది ఆగిననాడు రాజు లేనట్టేనని వైద్యులు పెదవి విరిచారు.

ఈ ముప్పు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వేటగాళ్ల గూడెంలోని కోనమ్మకు తెలుసు.

వేటగాడు దాక్కునే ఆకుల మాటు నేల మీద కట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఎక్కడి మాటుకు అక్కడి కొమ్మలే వాడేది. జింకల వైపు నుంచి గాలి వీచే చోటు చూసుకునేది. మనిషి వాసన తెలియకుండా వావిలాకు నలిపి పూసేది. కాలి కింద చప్పుడు కాకుండా ఎండుటాకులు ఊడ్చేసేది. పదిరోజుల ముందే కట్టి వదిలేస్తే, జింకలు అదీ ఒక పొదే అనుకుని పక్కనే మేసేవి.

మండువేసవిలో రాజు చంద్రపాలుడు మడుగు దగ్గర మాటు కట్టమన్నాడు. జింకలు పిల్లలతో తిరిగే నెలల్లో నీటి దగ్గర మాటు కట్టకూడదన్నది గూడెం కట్టుబాటు. కోనమ్మ ఒడ్డున ఆకులు ఊడుస్తుంటే పెద్ద గిట్టల అడుగుల పక్కన చిక్కుడుగింజంత అడుగులు కనిపించాయి. చెబితే రాజు వెనక్కి తిరిగేవాడే. కానీ రాజు నోట శభాష్ అనిపించుకోవాలన్న ఆశ ఆమె నోరు కట్టేసింది. ఆకులతో పాటు ఆ అడుగులనూ ఊడ్చేసింది.

రాజు బాణానికి కూలిన తల్లిజింక మనిషి గొంతుతో, "కనబడకుండా చంపావు. ఇక ఎవరికీ కనబడకుండానే ఉండు!" అని ప్రాణం విడిచింది.

కోనమ్మ కంటికి కునుకు కరువైంది. చివరికి కొండగుహలో ఉండే ముని కాళ్ల మీద పడింది.

"ఆ తల్లిజింక పిల్ల ఏడో గుట్ట అవతల ఉంది. అది నీ దోసిట్లో నీళ్లు తాగితే శాపం తీరుతుంది. దారిలో ఒక్కసారి కూడా దాక్కోకూడదు," అన్నాడు ముని.

"దాక్కోకుండా జింక దగ్గరికి పోయినోళ్లు ఎవరున్నారు సామీ?"

"ఎవరూ లేరు. నువ్వే మొదలు పెట్టు."

మూడో గుట్ట దగ్గర రాకాసి ఎదురైంది. కోనమ్మ చేతులు వాటంతటవే కొమ్మల వైపు పోయాయి. గట్టిగా వెనక్కి లాక్కుని నిలబడింది.

"ఒసేయ్ పిల్లా, దాక్కోవేమే? వెతికి వెతికి తింటేగాని నాకు ఆకలి పుట్టదు!" అని రాకాసి విసుక్కుంది.

"ఎదురుగానే ఉన్నా. తింటే తిను."

"ఛీ, రుచీపచీ లేని తిండి. పో, పో!"

ఐదో గుట్ట మీద నిప్పులు చెరిగే ఎండలో ఒక పొద తలుపులా తెరుచుకుంది. లోపల చల్లటి నీడ. తాను కట్టిన ఏ మాటూ దానికి సాటిరాదు. "రా తల్లీ, నువ్వు కోరుకునే చోటు ఇదే కదా," అని పిలిచింది పొద. కోనమ్మ అటు చూసి, కళ్లు తుడుచుకుని ఎండలోనే నడిచింది.

ఏడో గుట్ట అవతల వాగు పక్కన బక్కచిక్కిన జింకపిల్ల ఉంది. కోనమ్మ ఈసారి తన వాసన దానికి చేరేలా గాలికి ఎదురుగా కాక, గాలి వీపున తగిలేలా కూర్చుని దోసిట్లో నీళ్లు పట్టింది. రెండు రోజులు అది బెదిరి పారిపోయింది. మూడోనాడు ఆమె బయటికే చెప్పుకుంది:

"మీ అమ్మ అడుగుల పక్కన నీ అడుగులు ఉన్నాయి. ఊడ్చేశాను."

పిల్ల చెవులు రిక్కించింది. "చూడకుండానా?"

"చూసే."

చాలాసేపటికి అది ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, దోసిట్లో మూతి పెట్టింది.

"నన్ను క్షమించావా?"

"లేదు. దాహమేసింది," అని తాగి, గడ్డిలోకి వెళ్లిపోయింది.

ఆ క్షణానే మేఖలగిరిలో రాజు కనబడ్డాడు. మాసిన గడ్డంతో ఉన్న ఆయన్ను చూసి పిల్లలు కేరింతలు కొట్టారు, పెద్దలు మొక్కారు. తిరిగొచ్చిన కోనమ్మకు రాజు అడవి పెత్తనమంతా అప్పగించాడు. పిల్లజింకల నెలల్లో రాజైనా సరే నీటి దగ్గర మాటు కట్టరాదన్నది ఆమె మొదటి ఆజ్ఞ. రాజే స్వయంగా దానికి ముద్ర వేశాడు.

తర్వాత మెల్లగా అడిగాడు. "ఆ పిల్ల మనల్ని మన్నించిందా కోనమ్మా?"

"లేదు దొరా," అంది కోనమ్మ. "బతికుంది. మనకు అదే ఎక్కువ."