ఖాళీ కడుపు మాత్ర

కార్వేటినగరంలో మందుల షాపు మునిరత్నం కుర్చీలో కూర్చున్నట్టే చనిపోయాడు. ఊరంతా గుండెపోటు అనుకుంది. చిత్తూరు నిఘా ఆఫీసులో చీఫ్ అమర్‌నాథ్ మునిరత్నం శవం ఫోటో బల్లమీద పడేశాడు.

"కనుపాపలు సూడు. ఆవగింజలంత. మన ఇన్ఫార్మర్‌కు ఓపియాయిడ్ నొప్పిమందు ఎక్కించినారు."

ఏజెంట్ జయచంద్ర ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. మునిరత్నాన్ని ఈ పనిలోకి దించింది తనే.

"నొప్పి కబురు మెదడుకు పోయే దారిలో తలుపులుంటాయి," అన్నాడు చీఫ్. "ఈ మందు వాటిని మూసేస్తాది. డాక్టరు కొలిచి ఇస్తే ఆపరేషనైనోడికి దేవుడే. మోతాదు దాటితే ఊపిరి పీల్చమనే కబురు గూడా ఆగిపోతాది. విదేశీ ముఠా కొత్త మాత్ర చేసింది. ఎంతమంది పోతారో పరీక్షించాలంట. శనివారం, వడమాలపేట. తిరుపతికి నడిచే భక్తుల మెడికల్ క్యాంపు. ముసలోళ్ళు పోతే నడక బడలిక అంటారు."

శనివారం మధ్యాహ్నానికి జయచంద్ర పసుపు పంచెతో, నామంతో పందిట్లో ఉన్నాడు. జేబులో నాలోక్సోన్ స్ప్రే. ముక్కులో కొడితే ఓపియాయిడ్‌ను ఆ తలుపుల దగ్గర్నుంచి నెట్టేస్తుంది. డిపార్ట్‌మెంట్ ధర్మమా అని ఇచ్చింది ఒక్కటే.

నాలుగు వందల మంది అరిటాకుల ముందు కూర్చున్నారు. అందరి చేతుల్లో మాత్రలు. పట్టుచీర, నల్లకళ్ళజోడుతో డాక్టర్ పవిత్ర వచ్చింది. ముఠా మనిషే, కానీ మూడు నెలలుగా ఆఫీసుకూ కబుర్లు మోస్తోంది.

"మోకాళ్ళా, నడుమా?"

"రెండూ కాదు, మనసు."

కోడ్ సరిపోయింది. "ఈ మాత్రలే," అందామె. "మైకు కాడ ఇద్దరూ వాళ్ళ మనుషులే. తుపాకులుండాయి. అరిచినావంటే కాలుస్తారు."

"పోలీసులకు ఇంకా పది నిమిషాలు పడతాది."

ఆమె కళ్ళజోడు కొంచెం దించింది. అవే ఆవగింజలు. "నన్ను కట్టేసింది గూడా దీంతోనే. మొదట్లో ఒకటి చాలు. తర్వాత నాలుగేసుకున్నా చాలవు. మానేస్తే ఒళ్ళంతా విరగ్గొట్టినట్టుంటాది."

పక్కనే ఒక ముసలాయన పందిరి గుంజకు ఆనుకుని ఉన్నాడు. జయచంద్ర వంగాడు.

"లేపబాకు నాయనా," అంది అతని భార్య సుబ్బులమ్మ. "రెండు దినాలుగా నిద్దర్లేదు. మోకాళ్ళు నొస్తాండాయని మాత్ర ఏసుకున్నాడు. నేను సగమే ఏసుకున్నా. వేడి సేస్తాదని."

"మిగతావాళ్ళు?"

"ఖాళీ కడుపున యాడేసుకుంటారప్పా? అన్నం తిన్నాకే గదా..."

ముసలాయన పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి లేదు, ఒళ్ళు చల్లబడింది. ఇంతలో సుబ్బులమ్మ తల వాలింది, గురక సాగి సాగి ఆగింది. ఉన్న ఒక్క స్ప్రే ఆమె ముక్కులో కొట్టాడు.

"గోవిందా!" అంది మైకు. వడ్డన మొదలవుతోంది.

జయచంద్ర పరుగెత్తి సాంబారు అండాను కాలితో తన్ని పడేశాడు. అన్నం గంపలు మట్టిలో బోర్లించాడు. జనం మీదపడి కుమ్మేశారు. మైకు మనుషులు నవ్వుతూ చూస్తున్నారు. దెబ్బలు తింటూనే అతను ఆకుల వైపు చూశాడు. అన్నం లేదు, కాబట్టి ఒక్కరూ మాత్ర వేసుకోలేదు. జీపులు వచ్చేదాకా ఆ నవ్వులు ఆగలేదు.

అంబులెన్స్‌లో జయచంద్ర పక్కన సుబ్బులమ్మ కళ్ళు తెరిచింది. బయట జనం తిట్లు ఆమె చెవిన పడ్డాయి. స్ప్రే బలం తొందరగా దిగిపోతుంది, మాత్ర బలం దిగదు. అందుకే నర్సు ఆమె ఊపిరి లెక్కపెడుతూనే ఉంది.

"అన్నాన్ని కాలితో తన్నిన పాపిష్టోడు యాడ?"

"నేనే అవ్వా."

"నువ్వు బాగుపడవురా! ఇంతకీ మా ఆయన లేసినాడా?"

అవ్వ ఇంకాసేపు తిట్టి ఉంటే బాగుండునని జయచంద్రకు అనిపించింది.