తోలు కింది బియ్యపు గింజలు

"సాబ్, మా అవ్వ పండ్లు పీకుతమంటున్నరు!"

సంగారెడ్డి కచేరీ ఎదుట ఉన్న తన గదిలో ప్రైవేటు డిటెక్టివ్ ముర్తుజా తలెత్తి చూశాడు. వానలో నిలువునా తడిసిన యువకుడొకడు గడపలోనే కూలబడ్డాడు. పేరు ఐలన్న, బీరంగూడ మనిషి. డిటెక్టివ్ సహాయకుడు యాదన్న అతన్ని లేపి కూర్చోబెట్టాడు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు, శ్రావణమాసం అది.

ఐలన్న వణుకుతూనే చెప్పాడు. బీరంగూడ రాళ్ల క్వారీలో పనిచేసిన ముగ్గురు కుర్రాళ్లకు ఒకరి తర్వాత ఒకరికి మూర్ఛలు మొదలయ్యాయి. వాళ్లలో పోచయ్య మూర్ఛ వచ్చి క్వారీ గుంతలో పడి చనిపోయాడు. శవానికి స్నానం చేయించిన వాళ్లకు తోలు కింద బియ్యపు గింజల్లాంటివి తగిలాయి. నొక్కితే పక్కకు జరిగాయి. మిగతా ఇద్దరి ఒంట్లోనూ అవే ఉన్నాయి. ఐలన్న తల్లి పోశమ్మ మంత్రసాని. ఆమే బాణామతి అనే చేతబడి చేసి మంత్రించిన గింజలు ఒంట్లోకి పంపిందని ఊరంతా అంటోంది. పళ్లు పీకితే మంత్రం పలకదని వాళ్ల నమ్మకం.

"అందరికన్న గట్టిగ ఎవరంటున్నరు?" అడిగాడు ముర్తుజా.

"పెద్దరాములు సాబ్. క్వారీల బువ్వ వండుతడు. ఆయన కొడుకు అంజన్నకు గూడ మూర్ఛలొస్తున్నయ్."

బీరంగూడలో పట్టపగలే తలుపులన్నీ మూసి ఉన్నాయి. ప్రతి గుమ్మానికీ వేపకొమ్మలు వేలాడుతున్నాయి. పోశమ్మ ఇంటి ముందు మాత్రం ఎవరో బూడిదతో గీత గీశారు. ఆమె లోపల మూలన, కొంగుతో నోరు గట్టిగా మూసుకుని కూర్చుంది.

అంజన్న, తన తండ్రి వంటపాకలోనే మంచం మీద ఉన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. కళ్లు పాక కప్పు మీద నిలిచిపోయాయి. కుడిచెయ్యి తనంతట తాను కొట్టుకోసాగింది. ఆ చేతి తోలు కింద గింజలు కదలడం యాదన్న చూశాడు.

కొడుకు తేరుకున్నాక పెద్దరాములు కళ్లు తుడుచుకుని, అతిథులకు వేడి జొన్నరొట్టెలు పెట్టాడు. చింతపండు చేత్తో పిసికి, ఉల్లిగడ్డ కోసి వేసి పచ్చిపులుసు చేశాడు. "మా పోరగాళ్లకు పొద్దుమాపు గిదే గావాలె," అన్నాడు.

గూట్లో గుమ్మడి గింజలు ఆరబెట్టి ఉన్నాయి. ముర్తుజా వాటిని చూపించి అడిగాడు, "ఇవి దేనికి?"

"నా కడుపుల పురుగులకు సాబ్. ఎంత తిన్నా ఆకలే. పరిగడుపున నమలమన్నరు."

ముర్తుజా రొట్టె తిన్నాడు, పులుసు ముట్టలేదు. యాదన్న గిన్నె అందుకోబోతే కళ్లతోనే వద్దన్నాడు.

మూడో కుర్రాడు సాదుల్లా క్వారీ మానేసి, కాజీపల్లిలో బండి తోలుకుంటూ చాలాకాలంగా అక్కడే ఉన్నాడు. అతని మెడ నిండా తాయెత్తులు. "గంత దూరం బాణామతి ఎట్లొచ్చింది సాబ్?" అని అడిగింది తల్లి బేగంబీ. ఆమె గొంతు గుసగుసను దాటలేదు.

"క్వారీల ఉన్నప్పుడు బువ్వ ఎక్కడ?" అడిగాడు ముర్తుజా.

"పెద్దరాములు కాడనే," అన్నాడు సాదుల్లా. "పందికూర వండేది, గది నేను ముట్టకపోయేది. రొట్టె, పచ్చిపులుసు."

ముర్తుజా అతన్ని హైదరాబాదు పట్నం తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాడు. తొడ బొమ్మ నిండా తెల్లని గింజలు. పంది మాంసంలో ఉండే బద్దెపురుగు పిల్లలవి, మెదడులోనూ ఇలాగే గూడు కట్టి ఉంటాయన్నాడు డాక్టరు.

"సాదుల్లా పంది మాంసం ముట్టడు గద సాబ్!" అన్నాడు యాదన్న.

"అసలు చిక్కు గదే యాదన్నా."

మర్నాడు క్వారీ కొట్టంలో ఊరంతా చేరింది. పోశమ్మనూ తీసుకొచ్చారు. పక్కన బల్ల మీద పటకారు ఉంది. ముర్తుజా దాన్ని తీసి తన వెనక పెట్టుకుని, ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూపించాడు.

"ఇవి మంత్రపు గింజలు గావు, పురుగులు. సరిగ్గ ఉడకని పంది మాంసం తిన్నోని కడుపుల బద్దెపురుగు పెరుగుతది. వానికి మూర్ఛ రావాలని లేదు. కాని ఆ పురుగు గుడ్లు దొడ్డికి పోయినప్పుడు బయటికొస్తయ్. చేతులు మంచిగ కడగకపోతే గోళ్లల్ల ఉంటయ్. ఉడికే కూరల చస్తయ్, పచ్చిదాంట్ల బతుకుతయ్. గది తిన్నోళ్ల కండలల్ల, మెదడుల గూడు కడుతయ్. ఏండ్లు గడిచినంక మూర్ఛ లేస్తది. సాదుల్లా కాజీపల్లికి పోకముందే అవి వాని ఒంట్ల ఉన్నయ్."

"గా చేతులెవరియి?" అని ఎవరో అరిచారు.

ఆ పేరు అందరి ముందు చెప్పకూడదని ముర్తుజా వచ్చేటప్పుడే అనుకున్నాడు. కాని పెద్దరాములు అప్పటికే తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

"నాయే గద సాబ్. నా కొడుక్కు నేనే పెట్టిన. పోచయ్యకు గూడ."

"నీకు తెల్వదు రాములు. తెలిసి చేసింది గాదు. కడుపుల పురుగుకు పట్నం దవాఖానల మందుంది."

పక్కనున్నవాళ్లు అతనికి దూరంగా జరిగారు. ఒకడు కింద నుంచి రాయి తీశాడు. పోశమ్మ లేచింది. నోటి మీద కొంగు తీసి, రాయి పట్టినవాడి ముందుకు వెళ్లి నిలబడింది.

"పోచిగాన్ని భూమ్మీదికి తెచ్చింది నేను. వాడు సస్తే నన్ను ఏడ్వనియ్యలే మీరు. ఇగ ఇంకొకన్ని సంపుతరా?"

వాడు రాయి కింద పడేశాడు. ఆమె పెద్దరాములు దగ్గరికి వెళ్లి, అందరూ చూస్తుండగా అతని చెయ్యి పట్టుకుంది.

"లే తమ్మీ. పురుగుకు మందుందంట. దవాఖానకు పోదాం. పోరన్ని గూడ తోల్కరా."

అతని అవతలి చెయ్యి గుంపులోంచి అంజన్న వచ్చి పట్టుకున్నాడు. ముగ్గురూ వానలోకి, పట్నం బస్సు ఆగే రోడ్డు వైపు నడిచారు.