రాగి సుత్తి, మూడు దెబ్బలు

"ముట్టుకుంటే చెయ్యి విరుగుతాది!"

భాగీరథి నాతో అన్న మొదటి మాట ఇది. పెద్దింటి అమ్మాయిలు మొదటి మాటగా ఏం మాట్లాడతారో నాకు తెలీదు కాబట్టి నేను నిరాశపడలేదు. దానికి ముందు నేను అరిచిన అరుపు బెంగళూరు నగర్తపేట అంతా వినిపించిందని తరువాత ఆమే చెప్పింది.

1956, ఆషాఢ మాసం. నా పేరు పిల్లప్ప, వయసు ఇరవై అయిదేళ్ళు. నాలుగో క్లాసుతో బడి వదిలేసి, కలాసిపాళ్యంలో లారీల కింద వెల్లకిలా పడుకుని పెరిగినవాణ్ణి. పట్టుచీరల వ్యాపారి వెంకటగిరియప్పగారి అంగడి వెనక రేకుల షెడ్డులో పాత కారొకటి ఉండాదనీ, గుజరికి, అంటే పాత ఇనుప సామాన్లకి, వేసేముందు ఇంజను పనికొస్తుందేమో చూసి రమ్మనీ మా గ్యారేజీ ఓనరు పంపించినాడు. మిట్టమధ్యాహ్నం. రేకుల చిల్లుల్లోంచి ఎండ సన్నటి కడ్డీల మాదిరి దిగుతా ఉంది. టార్పాలిన్ అంచు పట్టి ఎత్తినాను.

లోపల, స్టీరింగు పట్టుకుని, కదలకుండా ఒక ఆడపిల్ల కూర్చోనుంది.

"ద... దయ్యమా?" అన్నాను, నా అరుపూ ఆమె బెదిరింపూ అయిపోయినాక.

"కాదు. బి.ఏ. రెండో సంవత్సరం."

"టార్పాలిన్ కింద ఏం చేస్తా ఉండావు?"

"కారు నడుపుతా ఉండా. నువ్వేం చేస్తా ఉండావు?"

"ఇంజను చూసేదానికొచ్చినా. గుజరికి పోతాదంట కదా."

"పోదు. రేసుకు పోతాది. బాగు చేస్తావా, చెయ్యవా?"

"నాకు లారీలే తెలుసు, అమ్మణ్ణీ."

"నాకు లారీలూ తెలీవు. నువ్వే నయం. దిగు పనిలోకి."

అది ఎర్ర రంగు ఎం.జి. కారు. రెండే సీట్లు, సైకిలు చువ్వల్లాంటి చువ్వల చక్రాలు. ఊరొదిలి పోతున్న ఒక తెల్లదొర దగ్గర ఆమె అన్న శ్రీనివాసప్ప, ఇంట్లో అందరికీ సీనప్ప, కొన్నాడు. నాలుగేళ్ళ కింద విజయదశమి నాడు, ఊరి బయట హూడి పల్లె దాటినాక యుద్ధం రోజుల్లో మిలిటరీవాళ్ళు వేసి వదిలేసిన రన్‌వే మీద రేసు జరిగింది. సీనప్ప కారుకు వెనక కుడి చక్రం ఊడి, కారు పల్టీ కొట్టింది. ఆయన పోయినాడు. వెంకటగిరియప్పగారు కారును షెడ్డులోకి తోయించి, టార్పాలిన్ కప్పి, ఆ పక్కకే చూడలేదు.

ఇప్పుడు కూతురు మూడు రోజులు అన్నం మానేస్తే ఒక్క రేసుకు ఒప్పుకున్నాడు. సెప్టెంబరులో ఆడవాళ్ళకని పెడుతున్న రేసు. "ఒకటే ఒకటి. తరువాత గుజరికే" అన్నాడంట.

అన్న మధ్యలో వదిలేసిన రేసు ఆమె ముగించాలి. అంతే ఆమెకు కావలసింది. నాకేం కావాలో ఆ రోజుకు నాకింకా తెలీదు.

* * *

నేను పనిలో దిగినాను. మడ్‌గార్డులు విప్పేసినా. ముందు అద్దం, బంపరు, స్టెప్నీ అన్నీ పీకి బరువు తగ్గించినా. ఇంజను హెడ్డును లేత్ మీద సన్నంగా చెక్కించినా. సైలెన్సరు తీసి వెనకదాకా బోడి పైపు పెట్టినా. బానెట్టు ఎగిరిపోకుండా తోలు బెల్టు కట్టినా.

మూడో రోజు మధ్యాహ్నం మొదటిసారి విన్నాను.

టక్. టక్. టక్.

మెత్తటి దెబ్బలు. వెనక కుడి చక్రం దగ్గర. వంగి చూసినాను. ఎవరూ లేరు. ఆ వెంటనే వేడెక్కిన ఆముదం వాసన గుప్పుమంది. రేసు ఇంజన్లకు ఆముదం పోస్తారు, నిజమే. కానీ ఈ ఇంజను ముక్కలుముక్కలుగా నా కాళ్ళ దగ్గర చల్లగా పడుంది.

భాగీరథి కాఫీ తెచ్చింది. నా ముఖం చూసింది.

"విన్నావా?"

"ఏంది? ఏమీ లేదే."

"అబద్ధం నీ ముఖాన అతకదు పిల్లప్పా. చెప్పొద్దులే."

ఈ కార్లకు ఒక్కో చక్రానికి ఒకటే నట్టు, నడుమధ్యన, రెండు రెక్కలతో. ఆ రెక్కల మీద రాగి సుత్తితో కొట్టి బిగిస్తారు. ఇనుప సుత్తయితే రెక్కలు పగులుతాయి. సీనప్ప బిగించడం అయినాక చివర్న మూడు దెబ్బలు మెల్లగా కొట్టి, అప్పుడు సీట్లో కూర్చునేవాడంట.

"రాగి సుత్తి ఆ పెట్టెలో ఉండాది. గుడ్డ చుట్టి దారంతో కట్టినా. చూడు, ముడి కూడా విప్పలేదు" అంది.

"భయం లేదా నీకు?"

"మా అన్నంటే భయమేంది? గ్లాసుకు నువ్వంటించిన ఆ గ్రీజు చూస్తే భయం."

నవ్వింది. ఎండ కడ్డీ ఒకటి సరిగ్గా ఆమె బుగ్గ మీద పడింది. నాకేం కావాలో ఆ రోజు తెలిసింది.

* * *

శ్రావణంలో ఒక సాయంత్రం వాన. రేకుల మీద ఎంత చప్పుడంటే మేమిద్దరం అరుచుకుంటేగానీ వినిపించదు. వెనక చక్రాల హబ్బులు రెండూ విప్పి, కుడిది కుడి పక్క, ఎడమది ఎడమ పక్క ఉంచి, గ్రీజు తుడుస్తా ఉన్నాను. చక్రం కూర్చునేదీ, నట్టు మరలు పట్టేదీ ఆ హబ్బు మీదే.

"అదిగో! నా కుంకుమ ఇంకా ఉండాది!" అని అరిచింది. నిజంగానే, మరల సందులో ఎర్రగా.

"నీ కుంకుమేంది దీన్లో?"

"నాలుగేళ్ళ కింద ఆయుధపూజకు అన్న వీటిని విప్పి, రెండు పీటలేసి దేవుడి ముందు పెట్టినాడు. కుడి చక్రంది కుడి పక్క, ఎడమది ఎడమ పక్క. పెట్టి స్నానానికి పోయినాడు. చదువుకున్నోడే గాని పద్ధతి తెలీదు. దేవుడు మనకు ఎదురుగా కదా ఉండేది? ఆయన కుడి మన ఎడమ. నేనే రెండూ మార్చి పెట్టి, కుంకుమ పెట్టి, చామంతిపూలు పెట్టినా. అన్నకు చెప్పనేలేదు."

"మంచి పని చేసినావు" అన్నాను.

ఆమె మాట చెవిలో పడింది. బుర్రలో పడలేదు. ఆ టైములో ఆమె చెవి దగ్గర జడలోంచి జారబోతున్న వాన చుక్క ఒకటి ఉండింది. నేను దాన్ని చూస్తా ఉన్నాను.

"ఏంది అట్ల చూస్తావు?"

"రేకు కారుతా ఉండాది."

"రేకు పైన ఉండాది పిల్లప్పా."

టక్. టక్. టక్. ఈసారి వాన చప్పుడును చీల్చుకుని వచ్చింది. ఆమె చెయ్యి వచ్చి నా గ్రీజు చేతిని పట్టుకుంది. కాసేపు అట్లే ఉండిపోయింది.

* * *

కారు పరుగెత్తింది. ఏం పరుగు! పొద్దున్నే హూడి దారిలో ఆమె నడిపేది, నేను పక్క సీట్లో ప్రాణాలు పట్టుకునేది.

ఒకటే తకరారు. నాలుగు మైళ్ళు పోయొస్తే వెనక నట్లు రెండూ సడలేవి. ముందువి కదిలేవి కావు. ప్రతి నట్టు మీదా ఊడదీసే దిక్కుకు ఒక బాణమూ, ఒక ఇంగ్లీషు మాటా పోతపోసి ఉంటాయి. మాట నాకు చదవరాదు. బాణానికి ఎదురు దిక్కున కొట్టి బిగించేవాణ్ణి. మరలు అరిగినాయనుకున్నాను. నేను బిగించిన ప్రతిసారీ ఆముదం వాసన వచ్చేది. తల తిప్పితే పోయేది.

రేసు నాడు సన్నటి తుంపర. రన్‌వే పక్కన కంటోన్మెంటు దొరసాన్లు, గొడుగులు, కెమెరాలు. వెంకటగిరియప్పగారు దూరంగా జట్కా దగ్గరే నిలబడినాడు. కారు వైపు చూడలేదు.

భాగీరథి తలకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. "గెలిస్తే నీకేం కావాలి పిల్లప్పా?"

"గెలిచినాక చెప్తా."

"ఇప్పుడే చెప్పు, నానబెట్టకుండా."

నోరు తెరిచినాను.

టక్. టక్. టక్.

పది ఇంజన్లు బొబ్బలు పెడుతుండగా ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది. మళ్ళీ టక్ టక్ టక్. మళ్ళీ. ఇంతకుముందు ఎప్పుడూ మూడుతో ఆగేది. ఈసారి ఆగలేదు. ఎవరో తలుపు బాదుతున్నట్టు.

కుడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. వెనక నట్టు మీద ఒక చెయ్యి, ముందు నట్టు మీద ఒక చెయ్యి. అప్పుడు చూసినాను. ఒకే పక్కనున్న రెండు చక్రాలు. బాణాలు ఎదురెదురుగా ఉన్నాయి.

చక్రం తిరిగేకొద్దీ నట్టు బిగుసుకునేటట్టు కుడికి ఒక రకం మరలు, ఎడమకు ఒక రకం పెడతారు. వెనక హబ్బులు పక్కలు మారినాయి. తిరిగేకొద్దీ ఊడిపోతాయి. నేను మార్చలేదు, ఉన్నవి ఉన్నట్టే పెట్టినాను. నాకంటే ముందే, ఎవరో...

రెండు పీటలు. చామంతిపూలు. దేవుడి కుడి మన ఎడమ. స్నానం చేసి వచ్చిన సీనప్ప కుడి పీట మీదది తీసి కుడికే బిగించినాడు.

లేచి కారుకు అడ్డం నిలబడినాను.

జెండా ఊపేసినారు. మిగతా కార్లన్నీ పోయినాయి. మాది పోలేదు.

"అడ్డం లే! నీకేమన్నా పిచ్చా?" ఆమె దిగి నా చొక్కా పట్టుకుంది. "ఎందుకు ఆపినావు?"

"చక్రం ఊడేది."

"ఎందుకు ఊడుతాది? ఎవరు చేసినారు?"

వెంకటగిరియప్పగారు కూడా దగ్గరికొచ్చినాడు. తండ్రీ కూతురూ నా ముఖమే చూస్తా ఉండారు. ఇంకొక్క నిమిషం పోతే ఆమెకే లెక్క తేలుతుంది. ఆ లెక్కతో ఆమె ఎట్ల బతుకుతుంది?

"నేనే" అన్నాను. "విప్పి బిగించేటప్పుడు పక్కలు మార్చేసినా. లారీ మెకానిక్కును, తెలీలేదు."

చెంప మీద కొట్టింది. గట్టిగానే.

"మా అన్నకు చక్రం ఊడిందని తెలిసీ... నన్ను కూడా చంపేవాడివి కదా. సుత్తి అక్కడ పెట్టి పో."

పెట్టినాను. నడుచుకుంటా హూడి దాకా వచ్చినాను. తుంపర వానగా మారింది. అంత దూరమూ వెనక ఆముదం వాసన నాతో నడిచొచ్చింది.

* * *

రెండు వారాలకు, ఆయుధపూజ ముందురోజు, వెంకటగిరియప్పగారు కలాసిపాళ్యం వచ్చినాడు. అంత పెద్దమనిషి మా నూనె మరకల మీద చెప్పులు విడిచి నిలబడినాడు. చేతిలో రాగి సుత్తి.

"ఆ ఏడు పూజ గదిలో పీటల మీదవి మార్చింది ఎవరో నేను చూసినానప్పా. తలుపు దగ్గరే కూర్చోనుంటిని. దాని అర్థం అప్పుడు తెలీదు. రన్‌వే మీద నీ అబద్ధం విన్నాక తెలిసింది."

నేను చేతిలోని స్పానరు కింద పెట్టినాను.

"దానికి తెలీకూడదు. తెలిస్తే బతకదు."

"చెప్పనయ్యా."

"ఎంత కాలం?"

"ఉన్నంత కాలం."

ఆయన సుత్తి నా చేతిలో పెట్టినాడు. "పదైదు దినాలుగా అన్నం సరిగ్గా తినలేదు. నిన్ను తిడతానే ఉండాది. మధ్యమధ్యన వాకిలి చూస్తాది. క్షమిస్తాది, నాకు తెలుసు. కానీ తప్పు నీదేనని జీవితమంతా అంటాది. మోస్తావా? మోస్తానంటే మా ఇంటికి రా. కారూ నీకే, పిల్లా నీకే."

మోస్తానన్నాను. ఇరవై అయిదేళ్ళ వయసులో ఏ బరువైనా తేలికే.

* * *

పన్నెండేళ్ళు మోసినాను.

నాకిప్పుడు సొంత గ్యారేజీ ఉంది. బెంగళూరులో నేను బిగించిన నట్టు ఊడిందని ఒక్కడు అనలేదు. మా ఇంట్లో మాత్రం నేను బిగించిన కొళాయిని ఆమె మళ్ళీ బిగిస్తుంది. మంచం బోల్టు బిగిస్తే ఊపి చూస్తుంది. చుట్టాలు వస్తే, "ఈయన పనితనమా? నన్ను చంపబోయినాడు తెలుసునా!" అని నవ్వుతూ చెప్తుంది. వాళ్ళూ నవ్వుతారు. నేనూ నవ్వాలి. మామగారు పోయినాక నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలినాను. అట్లనే అనుకున్నాను.

ఆమె ఆ మాట అన్నప్పుడల్లా కారు షెడ్డులో టక్ టక్ టక్. ఆమె మాట ఆపి వినేది. మళ్ళీ కూరలో గరిటె తిప్పేది.

మొన్న ఆయుధపూజ. గ్రీజు కోసం, ఎప్పుడో సరైన పక్కలకు మార్చి పెట్టిన ఎం.జి. వెనక హబ్బులు విప్పినాను. ఇన్నేళ్ళూ దసరా రోజుల్లో వాటి జోలికే పోలేదు, ఈసారి మరిచిపోయినాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి భాగీరథి రెండు పీటలు వేసింది. గడప దగ్గరే ఆగిపోయినాను.

కుడిది మన కుడి పక్క పెట్టింది. ఎడమది మన ఎడమ పక్క. చాలాసేపు వాటినే చూస్తా కూర్చుంది. వాటిని మార్చలేదు.

"భాగీ... దేవుడి కుడి..." నోరు జారినాను.

"ఆయన కుడి ఆయన చూసుకుంటాడు" అంది, నా వైపు తిరగకుండా. "అబద్ధం నీ ముఖాన అతకదని ఆ రోజే చెప్పినా కదా."

చేతులు తుడుచుకుంటా దగ్గరికి పోయినాను. "ఎప్పటినుంచి తెలుసు?"

"రన్‌వే మీదనే సగం తెలిసింది. మిగతా సగం తెలుసుకోవాలంటే భయమేసింది."

"మరి పన్నెండేళ్ళు నన్ను తిట్టినావే!"

"నిన్ను తిడతా ఉన్నంతసేపు నన్ను నేను తిట్టుకునే పని లేకపోయింది." ఆమె పీట అంచు సర్దింది. "షెడ్డులో చప్పుడైన ప్రతిసారీ అన్న నాకే చెప్తా ఉండాడనుకున్నా. పాపం మీ ఆయన్ను వదిలెయ్యవే, అని."

పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె కాసేపు ఏడ్చింది. తరువాత కుంకుమ పెట్టింది, చామంతిపూలు పెట్టింది.

మరునాడు చక్రాలు బిగించినాను. భాగీరథి వచ్చి నా చేతిలోంచి రాగి సుత్తి తీసుకుని, వెనక కుడి నట్టు మీద మెల్లగా మూడు దెబ్బలు కొట్టింది. ఇద్దరం చెవులు పెట్టుకుని నిలబడినాం. ఆముదం వాసన ఒకసారి గుప్పుమని వచ్చి, మా మధ్యలోంచి వాకిలి వైపు పోయింది.

తరువాత ఏ చప్పుడూ లేదు.

"ఎక్కు" అన్నాను.

ఆమె స్టీరింగు దగ్గర కూర్చుంది. చీర కొంగు చూసుకుంది. ముఖం చిట్లించింది.

"గ్రీజంటించినావు చూడు, పనిమంతుడా!"

ఆ పేరుతో నన్ను ఆమె పిలవడం అదే మొదటిసారి.