సోమవారం తెరిచిన గిర్ని

మంగళవారం పొద్దున్నే మల్లప్ప స్నానం ముగించి, మెడలోని లింగాన్ని అరచేతిలో పెట్టుకుని పూజ చేసుకుని, నుదుట విభూతి దిద్దుకుని గిర్ని షట్టరు పైకి లేపాడు. గిర్ని రాతికి కూడా మూడు వేళ్లతో విభూతి పూశాడు. అగరుబత్తి వెలిగించి, "అన్నపూర్ణమ్మా, నలుగురి కడుపు నింపు తల్లీ" అని దండం పెట్టుకుని మోటారు స్విచ్చి వేశాడు. పట్టా తిరిగింది. మొదటి గంపెడు జొన్నలు తొట్టిలో పడ్డాయి. పిండి తెల్లటి పొగలా లేచింది. దాంతోపాటే మల్లప్పకు దగ్గు లేచింది.

"నాయినా!" వెనక ఇంట్లోంచి రుచిత పరుగున వచ్చింది. "నేను తెచ్చిన మాస్కేది?"

"మీ అమ్మకిచ్చిన. పాలగిన్నె మీద కప్పితే పిల్లి మూతి పెడతలేదంట. మంచిగ పనికొచ్చింది."

పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. రుచిత నవ్వలేదు.

"జర మూతికి కట్టుకో నాయినా."

"ఎద్దుకు చిక్కం కట్టినట్టా? కంకులు తొక్కేటప్పుడు గింజలు తింటదని ఎద్దుకు కడ్తరు. నేనేమన్న దొంగతనంగ పిండి బుక్కుతున్ననా?"

మళ్లీ నవ్వులు. రుచిత తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ వెళ్లడం చూసి మల్లప్పకు కాస్త తృప్తిగానే అనిపించింది. ఈ మధ్య ఆ పిల్లను ఒక మాట అనకపోతే ఆయనకు పొద్దు గడవడం లేదు.

దానికి కారణం ఉంది. చిన్నప్పటి నుంచి రుచిత చదువులో ముందుండేది. "నా బిడ్డ డాక్టరైతది" అని మల్లప్ప జహీరాబాద్ బజారంతా చెప్పుకున్నాడు. ఆ పిల్ల డాక్టరు కాలేదు. కెమిస్ట్రీ చదివింది. ఆ తర్వాత, పనిచేసే చోట మనుషులకు జబ్బులు ఎందుకు వస్తాయి, రాకుండా ఏం చేయాలి అన్నదాని మీద పెద్ద చదువు చదివి, అహ్మదాబాదులో ఒక పరిశోధన సంస్థలో చేరింది. అదేం ఉద్యోగమో మల్లప్పకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. ఎక్కించుకోవాలని ఆయన అనుకోనూ లేదు.

"సూది వెయ్యదు, మందియ్యదు, నాడి పట్టదు," అని ఆయన అందరికీ చెప్పేవాడు. "రాయి కొట్టేటోళ్ల దగ్గరికి పోయి, దుమ్ము ఉన్నదా అని అడుగుతదంట. రాయి కొడితే దుమ్ముండక పువ్వులుంటయా? అది తెలుసుకోనీకి సర్కారు జీతమిస్తది సూడు!"

ఇప్పుడు ఆ పిల్ల పరిశోధన తన గిర్నికే వచ్చింది. పిండి దుమ్ము గిర్నివాళ్ల ఊపిరితిత్తులను ఏం చేస్తుందో చూడాలని సంస్థ అనుకుంది. మా ఊళ్లో నేను చేస్తానని రుచిత పట్టుబట్టి తెచ్చుకుంది. మొదటిసారి ఒక పని పూర్తిగా ఆమె చేతికి ఇచ్చారు.

మధ్యాహ్నం మల్లప్ప అన్నానికి కూర్చున్నాడు. భార్య సుమిత్ర జొన్నరొట్టె, పుండికూర వడ్డించింది. రుచిత తండ్రి పక్కన చాప మీద కూర్చుంది.

"నాయినా, ఐతారం సంఘం రూముల మిషన్ పెడుతున్న. నువ్వు సంఘం పెద్దవు. నువ్వొచ్చి మొదాలు ఊదితే మిగతా గిర్నోళ్లు అందరొస్తరు. మన దగ్గర ఎవరూ ముందుకు రాకుంటే ఈ పని ఇంకో ఊర్లె ఇంకొకరికి ఇస్తరు. నేను మళ్ల ఎవరి కిందనో సంచులు మోసుకుంట తిరగాలె."

"ఊదితే ఏమొస్తది? పెండ్లిల సన్నాయి వాయించినట్టు వాయిస్తదా నీ మిషను?"

"ఊపిరెంత ఉన్నదో చెప్తది."

"ఊపిరున్నదని తెల్వకనే ఇన్నేండ్లు బతికినమా? మా నాయిన గీ గిర్నిలనే ముసలోడైండు. ఒక్కనాడు మూతికి గుడ్డ కట్టలే. అన్నం ముందర ముక్కు మూసుకుంటే అన్నపూర్ణమ్మను అవమానం చేసినట్టు. నీ పుస్తకంల రాసుకో." రొట్టె తుంచుతూ ఆయన ఇంకో మాట అన్నాడు. "ఇంకోటి, రాళ్లు దగ్గరైతే పిండి మాడుతది. ఆ వాసన ముక్కుకే తెలుస్తది. ముక్కు కట్టేసుకుంటే వాసన నువ్వొచ్చి చూస్తవా?"

రుచిత ఎగిరిపడలేదు. ముందుకు జరిగింది. "గీ మాట అందరి ముందర చెప్పు నాయినా. మాస్కెందుకు వద్దనుకుంటున్రో తెల్వకుంటే నేనేం పరిశోధన చేస్త?"

"నాతోని అడిగి నాకే చెప్తవా? గిదా నీ ఉద్యోగం?" మల్లప్ప చెయ్యి కడుక్కుని లేచాడు. సుమిత్ర కంచం తీసింది. ఆమె ఎప్పుడూ ఏమీ అనదు.

సాయంత్రం పక్క సందులో కారం గిర్ని నడిపే జహూర్ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "క్యా మల్లప్ప భాయ్, ఐతారం రమ్మని బిడ్డ చెప్పి పోయింది. అందరం పోదామా?"

"ఎందుకు పోవాలె? ఊపిరి తక్కువున్నదని రాస్తే రేపు సర్కారోళ్లొచ్చి గిర్నీలు బంద్ పెట్టుమంటే ఏం తింటవు? ఆడపిల్ల ముచ్చట పడి గొట్టం తెచ్చుకున్నది. ఆడుకోనియ్యి. ఎవ్వరు రావద్దని నేన్జెప్పిన్నని చెప్పు."

జహూర్ తువ్వాలు దులుపుకుని లేచాడు. సంఘం పెద్ద మాట దాటే అలవాటు వాళ్లలో ఎవరికీ లేదు.

ఆదివారం రుచిత తెల్లవారకముందే లేచి, సంఘం గది ఊడ్చి, బల్ల మీద మిషను పెట్టుకుని కూర్చుంది. ఒక్కరూ రాలేదు. దారిన పోయేవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి పోయారు. మధ్యాహ్నం జహూర్ భార్య తాజ్ బేగం చాయ్ ఫ్లాస్కు తీసుకుని వెళ్లింది. ఆ పిల్ల ఒంటరిగా కుర్చీలు వరస పెట్టుకుంటూ కనిపించిందట. ఆ సంగతి తాజ్ బేగం సుమిత్రకు చెబుతుంటే మల్లప్ప విన్నాడు. 'ఇగ తెలివొస్తది' అనుకున్నాడు. అనుకున్నాక మాత్రం ఆ మాటలు వినబడని చోటికి లేచిపోయాడు.

మరునాడు సోమవారం. సోమవారం గిర్ని బంద్. శివుని రోజున రాయి తిప్పకూడదన్నది ఆ ఇంటి ఆచారం. మల్లప్ప పొద్దున్నే ఝరాసంగం పోయి, సంగమేశ్వరుణ్ని దర్శించుకుని, ప్రసాదం చేతపట్టుకుని వచ్చాడు. వచ్చేసరికి నడవలో రుచిత సూట్‌కేసు సర్దుతోంది.

"ఏంది, అప్పుడే పోతున్నవా?"

"మా సార్ ఫోన్ చేసిండు. ఇక్కడ ఎవ్వరు రాకపోతే వేరే ఊర్లె వేరేటోళ్లకు ఇస్తరంట."

"మంచిగైంది. అక్కడోళ్లకన్న పనిపాట లేకుంటే ఊదుతరు."

రుచిత చేతిలో బట్ట కింద పెట్టింది. "నువ్వే రావద్దన్నవని జహూర్ చాచా చెప్పిండు నాయినా."

"అవు, నేనే అన్న. ఏంది ఇప్పుడు? నీ చదువుతోటి ఇప్పటిదాంక ఒక్కడన్న బతికిండా? ఒక్కని పేరు చెప్పు!"

"ఎవ్వడు చావకుంట ఉంటే ఎవరి పేరు చెప్పాలె నాయినా?" ఆమె తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. "నువ్వు రాత్రులు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతవు. నీ దగ్గు చప్పుడు వినుకుంట చదువుకున్న నేను. ఎందుకట్లయితుందో తెలుసుకోవాలెననే గీ చదువు చదివిన."

తగ్గడం మల్లప్పకు తెలియదు. "నా దగ్గుకు నీ మిషనెందుకు? ఇయ్యాల చూడు, ఒక్కసారి దగ్గిన్ననా? ప్రతి సోమవారం గింతే. స్వామి ముందర నిలవడితే చాలు, దమ్ము హాయిగైతది. గది భక్తి. నీ గొట్టానికేం తెల్సు?"

"సోమవారం గిర్ని బంద్ ఉంటది నాయినా. అందుకే."

"నోర్ముయ్! దేవుని మహిమకు వంక పెడ్తవా?"

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి సుమిత్ర మాట వినిపించింది. మెల్లగా, భయం భయంగానే. "ఏమయ్యా, నేనొక్కటి అడగాల్నా? పోయినేడు కాలిరిగి మంచంల పడ్డవు. గిర్నికి తాళమేసినం. గుడికి పోలేదు, పూజ లేదు, స్నానం గూడ సరిగ లేదు. అన్ని రోజులు ఒక్కసారి దగ్గలే. శివయ్యనే వచ్చి నీ మంచం పక్కన కూర్చున్నడనుకున్న. మరి మళ్ల గిర్ని తెరిచిన పొద్దుగాలనే దగ్గు వచ్చే. అప్పుడు స్వామి ఎటువోయిండయ్యా?"

ఇన్నేళ్ల కాపురంలో సుమిత్ర ఆయన్ను ఇలాంటి ప్రశ్న అడగలేదు. అందులో వెక్కిరింత లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అదే మల్లప్పను ఎక్కువ మండించింది.

"తల్లిబిడ్డలు ఒక్కటైన్రా? స్వామి ఎక్కడికీ పోలే. ఇప్పుడే చూపిస్త." గోడకున్న తాళంచెవి అందుకున్నాడు. "ఇయ్యాల సోమవారమే. గిర్ని నడుపుత. దగ్గు రాదు. వస్తే నన్నడుగున్రి!"

"అయ్యో, సోమవారం రాయి తిప్పుతవా? మీ నాయిన కాలంల సోమవారం ఎద్దుకు కాడి పెట్టలేదయ్యా!" సుమిత్ర వెంటపడింది. ఆయన వినలేదు. శివుని మహిమను నిలబెట్టడానికి, శివుని రోజునే గిర్ని తెరిచాడు.

షట్టరు చప్పుడుకు వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. మల్లప్ప ఇంట్లో ఉన్న జొన్నల బస్తా తెచ్చి తొట్టిలో గుమ్మరించి స్విచ్చి వేశాడు. పిండి పడే గొట్టం దగ్గర మొహం పెట్టి మరీ నిలబడ్డాడు. "చూడున్రి! దగ్గుతున్ననా?" అని అరిచాడు.

పిండి లేచింది. ఆయన ఛాతీ ఎగరేసి గట్టిగా గాలి పీల్చాడు. మొదట గొంతులో గరగర. మింగేశాడు. రెండోసారి మింగలేకపోయాడు. ఒక దగ్గు పైన ఇంకో దగ్గు, దాని పైన ఇంకొకటి. ఊపిరి లోపలికి పోవడం లేదు, బయటికి రావడం లేదు. తొట్టి పట్టుకున్న చెయ్యి జారింది. పిండి సంచుల మీద కూలబడ్డాడు.

రుచిత మోటారు ఆపేసింది. తల్లీ కూతుళ్లిద్దరూ ఆయన్ని చెరో భుజం పట్టి బయట అరుగు మీదికి తెచ్చి ముందుకు వంచి కూర్చోబెట్టారు. రుచిత వెనక కూర్చుని వీపు మీద చెయ్యి వేసి, "మెల్లగ నాయినా, మెల్లగ" అంటూనే ఉంది. "నేను చెప్పలేదా" అన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు. రాకపోవడమే మల్లప్పకు దెబ్బలా తగిలింది. తానైతే ఆ మాట వదిలేవాడా?

చాలాసేపటికి ఊపిరి కుదురుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారి, మొహమంతా అంటిన పిండిలో చారలు కట్టాయి.

"స్వామి నన్ను విడిచిపెట్టిండా బిడ్డా?" చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"విడువలే నాయినా. దమ్ము ఎంత హాయిగ ఉంటదో ప్రతి సోమవారం చూపిస్తనే ఉన్నడు. ఎందుకు చూపిస్తున్నడో మనమే అడగలే."

మల్లప్ప తలవంచుకున్నాడు. ఇన్ని వందల దండాలు పెట్టాడు కానీ, ఆ ఒక్క మాట అడగాలని తనకు తోచలేదు. "మరి మందియ్యి" అన్నాడు.

"నేను మందియ్యను. దమ్ము డాక్టరు దగ్గరికి రేపే పోదాం. మందు తిన్నంక మళ్ల గదే దుమ్ముల కూర్చుంటే ఏం లాభం? దుమ్ము లేవకుంట గిర్ని ఎట్ల నడపాల్నో చూసుడు నా పని. గిర్నీలు బంద్ పెట్టుడు నా పని గాదు నాయినా. మా నాయిన గిర్నిని నేనెందుకు బంద్ పెడ్త?"

మల్లప్ప మొహానికంటిన పిండి తుడుచుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. గొంతు ఇంకా పీలగానే ఉంది. "జహూర్, రేపు పొద్దుగాల అందరు సంఘం రూముకు రావాలె... ఎందుకేంది, నా బిడ్డ పిలుస్తున్నది... నేనే వద్దన్ననా? ఇప్పుడు నేనే రమ్మంటున్న. నువ్వు ఊపిరి పీలిస్తే పిల్లికూతలు వినవడ్తయి, పెద్ద పైల్వాన్ లెక్క మాట్లాడకు!"

సుమిత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. రుచిత లోపలికి వెళ్లి అహ్మదాబాదుకు ఫోను చేసి, ఇంకొక్క రోజు ఆగమని బతిమాలింది.

మంగళవారం సంఘం గదిలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. అందరికంటే ముందు మల్లప్ప వెళ్లి బల్ల ఎదుట కూర్చున్నాడు. బల్లకు అవతల రుచిత. ఎవరినైనా అడిగినట్టే అడిగింది.

"మీ పేరు చెప్పండి."

"నాయిన పేరు మర్చిపోయినవా?" అన్నాడు మల్లప్ప. గదంతా నవ్వింది. ఆమె మాత్రం కలం పట్టుకుని అలాగే చూస్తోంది. ఆ చూపు చూసి మల్లప్ప నవ్వు ఆపి, కుర్చీలో సరిగ్గా కూర్చున్నాడు. తన ఇంట్లో పుట్టిన పిల్ల ముందు ఆయన అలా కూర్చోవడం అదే మొదలు.

"మల్లప్ప."

"ఏం పని చేస్తరు?"

"గిర్ని."

"పని లేని రోజు దగ్గు తగ్గుతదా?"

గిర్నివాళ్లంతా సంఘం పెద్ద నోటి వైపే చూస్తున్నారు. ఆ జవాబు వాళ్లందరి గొంతుల్లోనూ ఉంది, ఎవరూ ఇంతవరకూ బయటికి అనలేదు.

"తగ్గుతది బిడ్డా," అన్నాడు మల్లప్ప. కళ్లు నిండాయి. "శానా తగ్గుతది."

రుచిత రాసుకుంది. తడిసిన తన కళ్లు తుడుచుకోకుండానే గొట్టం ఆయన చేతికిచ్చింది. మల్లప్ప ఊపిరంతా కూడగట్టుకుని ఊదాడు.

"ఇంకా ఊదున్రి, ఇంకా," అంది ఆమె.

వెనక నుంచి జహూర్ కిసుక్కున నవ్వాడు. మల్లప్ప గొట్టం తీసి వెనక్కి తిరిగి గదిమాడు. "నవ్వకుర! అక్కడ కూర్చున్నది మీ డాక్టరమ్మ. మళ్ల ఊదమన్నది, ఊదుత."

మళ్లీ ఊదాడు.