పాపాయమ్మ సీసా

కాస్త నీరసం అనిపించగానే "బలానికి ఓ సెలైను ఎక్కించవయ్యా" అని కాంపౌండరు వెంట పడతారే, మిమ్మల్నే అంటున్నాను. సిగ్గు లేదూ? ఆ సీసా ఎవరి నరంలోంచి ఊడబెరికి తెచ్చాడో ఎప్పుడైనా అడిగారా?

ఎనభై ఆరులో గోదారి వరద తీసిన నాలుగో రోజు. దరియాలతిప్ప బడిలో వైద్య శిబిరం. వాంతులు, విరేచనాలతో జనం బెంచీల మీద పడి ఉన్నారు. ఎటు చూసినా బురద వాసన, బ్లీచింగు వాసన. స్టాండ్లు లేక సెలైను సీసాలను పడవ తెడ్లకు కట్టారు. మందుల కోసం డాక్టరు యానాం వెళ్ళాడు. ఉన్న ఆఖరి సీసా చేపలమ్మే పాపాయమ్మకు ఎక్కుతోంది.

"ఇది సగంలో ఆగితే ఈవిడ బతకదు. కనిపెట్టుకుని ఉండండి" అని కాంపౌండరు బుల్లబ్బాయికి చెప్పి, నర్సు ఆగ్నెస్ పక్క గదిలో పురుడు పోయడానికి వెళ్ళింది.

అప్పుడొచ్చాడు వ్యాపారి వీరభద్రరావు.

"ఒళ్ళు తూలిపోతోందిరా బుల్లబ్బాయ్. బలానికొకటి పెట్టు. నీ ఉద్యోగం పర్మినెంటు సంగతి నేను చూసుకుంటాగా!"

బుల్లబ్బాయి పాపాయమ్మ చేతిలోంచి సూది లాగేశాడు.

"బాబూ... దాహం..."

"గోదారంతా నీకే కావాలేంటే?"

మిగిలిన సగం వెనక వసారాలో వీరభద్రరావుకు ఎక్కింది. దీపాల వేళకు పాపాయమ్మ పోయింది. ఖాళీ సీసాను మళ్ళీ అదే తెడ్డుకు కట్టి, "మొత్తం ఎక్కించానండీ, ఆయుష్షు లేదు" అన్నాడు ఆ దుర్మార్గుడు. ఆగ్నెస్ నమ్మింది.

మర్నాడు మబ్బు కమ్మిన సాయంత్రం. రోగులంతా పక్క గదిలో. పాపాయమ్మ పోయిన గదిలో బుల్లబ్బాయొక్కడే.

చుక్క... చుక్క...

తలెత్తాడు. ఖాళీ సీసా అడుగున వేలెడు నీళ్ళు. చుక్కలు కిందికి రాలడం లేదు. గొట్టంలోంచి... పైకి పాకుతున్నాయి.

నాలుక పిడచకట్టింది. చెంబుడు తాగాడు. బిందెడు తాగాడు. పచ్చి చేపల వాసన. చెవి పక్కనే గుసగుస...

"తీరలేదా బాబూ?"

ఆగ్నెస్ వచ్చేసరికి అతని కళ్ళు గుంటలు పడ్డాయి. వాంతి లేదు, విరేచనం లేదు. లాంచీలో వచ్చిన కొత్త సీసాలు మూడు ఎక్కించింది. అయినా ఎండిపోతూనే ఉన్నాడు.

"నేనే... లాగేశాను సిస్టరుగారూ..."

తెల్లారేసరికి, గుమ్మం దాకా ఇంకా వరద నీళ్ళు నిలిచి ఉన్న ఆ బడిలో, బుల్లబ్బాయి ఎండుచేపలా బిగుసుకుపోయి ఉన్నాడు. తెడ్డుకున్న సీసా సరిగ్గా సగం నిండింది.

అంతలో వీరభద్రరావు పాలేరు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మా అయ్యగారికి రాత్రి నుంచీ దాహం తీరట్లేదండీ..."

ఆగ్నెస్ మెల్లగా తెడ్డు వైపు చూసింది.

చుక్క... చుక్క...