మూత తీసిన చేయి

"నా కొడుకు నెత్తురే దొరికిందా నీ సదువుకు!"

పాలగిన్నె గడప మీదే పెట్టేసి బాలలక్ష్మి అరిచిన అరుపుకు ఆ తార్నాక సందులో ఇళ్ల వాళ్లంతా బయటికి తొంగిచూశారు. చూస్తే చూడనీ! ఆ వేళ ఆమెకు సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. ఉన్నది ఒక్కడే కొడుకు, రత్నాకర్. రైల్వే ఆఫీసులో గుమాస్తా, నిండా ముప్పై ఏళ్లు లేవు. పుట్టెడు దుఃఖం ఒక్కసారే మీద పడ్డట్టు, ఆ కొడుక్కి నెత్తుటి క్యాన్సర్ అన్నారు డాక్టర్లు. ఆ సాయంత్రం ఆస్పత్రిలో చేరాలి, తెల్లారితే మందు ఎక్కించడం మొదలు. అలాంటి రోజున పాలబూత్ దగ్గర పోచయ్య ఎదురుపడ్డాడు. యూనివర్సిటీలో, కోడలు వాసంతి పరిశోధన చేసే ల్యాబులోనే అటెండరు అతను. మంచి మాట చెబుతున్నాననుకునే చెప్పాడు పాపం!

"మీ కోడలు మస్తు కష్టపడుతున్నదమ్మా. మీ కొడుకు ఎముకలకెళ్లి తీసిన నెత్తురు జాడీల పెట్టి, గాలి పోకుండ మూత బిగించి, నిన్నటి సంది దాని పక్కనే కూసుంటున్నది!"

గాలి పోకుండా! ఆ మాట చెవిలో సీసం పోసినట్టయింది. బాలలక్ష్మి పెరిగిన ఊళ్లో తల దువ్వుకుంటే రాలిన వెంట్రుకను కూడా ఊరికే పారేసేవారు కాదు, చుట్టి ఉమ్మేసి ఎవరికీ దొరక్కుండా దాచేవారు. మనిషిలోంచి వచ్చినదానికి ఏం చేస్తే మనిషికీ అదే తగులుతుందని అక్కడి నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వండి గానీ, తల్లి ప్రాణానికి ఏది తోస్తే అదే నిజం! వెంట్రుకకే అంత ఉంటే, ఎముకలోని నెత్తురుకు ఊపిరాడకుండా చేస్తే...? నిన్నటి నుంచే కదా కొడుకు మంచం దిగితే ఎగపోస్తున్నాడు!

వాసంతి జడ వేసుకుంటున్నదల్లా లేచి వచ్చింది. "అత్తమ్మా, గట్ల కాదు. నేను చెప్త ఇనుండ్రి..."

"ఎట్ల కాదే! పెనిమిటి ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆని పక్కన కూసునుడు పోయి, జాడీ పక్కన కూసుంటవా? నీ పెండ్లి ఈనితోటి అయిందా, ఆ జాడీతోటి అయిందా?"

మంచం మీద రత్నాకర్ నవ్వబోయి దగ్గాడు. "జాడీతోటి అయితే సుఖపడుతుండె అమ్మా... మాటిమాటికి చాయ్ అడుగది. ఆ నెత్తురు నేనే ఇచ్చిననే. నన్ను అడిగే తీసుకున్నది."

"నువ్వు నోర్ముయ్యిరా! ఆమె అడిగితే పానం గూడ తీసిస్తవ్ నువ్వు!"

వాసంతి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "రేపు మందు పడ్డంక ఈ నెత్తురు మారిపోతది అత్తమ్మా. అంతకు ముందు తీసింది గదొక్కటే. పొద్దుగూకకముందే వస్త, ముగ్గురం కలిసే ఆస్పత్రికి పోదాం" అని, చెప్పులేసుకుని తల వంచుకుని వెళ్లిపోయింది. ఎంత గుండె ఉంటే వెళ్లగలదు అనుకుంది అత్త. ఆ గుండె ఎన్ని ముక్కలయిందో ఎవరు చూశారు...!

మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చేసరికి రత్నాకర్‌కు ఊపిరి మరీ బరువైంది. పెదవులు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. బాలలక్ష్మి ఇక ఆగలేకపోయింది. పక్కింటి సుగుణమ్మ టీచరును పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టింది.

"ఇంత ఎండలో ఎక్కడికండీ పిన్నిగారూ? ఆస్పత్రికి ఇప్పుడే తీసుకెళ్దాం!"

"తీస్కపోదాం. దానికంటె ముందు ఈన్ని ఇడిపించాలె నేను!"

ఏమిటి విడిపించడం, ఎవరి నుంచి అని టీచరమ్మ నోరు తెరిచేలోగా ఆమె ఆటో ఎక్కేసింది.

ల్యాబులో వాసంతి లేదు, ప్రొఫెసరు గదికి పోయిందట. పోచయ్య మర్యాదగా స్టూలు వేశాడు. "మా వాని నెత్తురు ఏదయ్యా?" అంటే, అద్దం తలుపున్న వెచ్చటి పెట్టెలో గాజు జాడీ చూపించి, మంచినీళ్లు తేవడానికి వెళ్లాడు. మందపాటి జాడీ. మూతకు చుట్టూ జిడ్డు పూసి, క్లిప్పులు బిగించి ఉంది. లోపల చిన్న గాజు గిన్నెలో ఎర్రగా, పలచగా... తన కడుపున పుట్టినవాడు!

ఏటేటా ఆవకాయ జాడీల మూతలు ఊడదీసిన చేతులవి. క్లిప్పు తప్పించి, కొంగుతో పట్టుకుని ఒక్క మెలి తిప్పింది. తుస్సుమంటూ మూత ఊడింది. బాలలక్ష్మి జాడీ మీదికి వంగి, పసిపిల్లాడికి విసిరినట్టు కొంగుతో గాలి విసురుతూ, "తీస్కో నాయినా... కడుపునిండ తీస్కో..." అన్నది.

గుమ్మంలో చప్పుడైంది. వాసంతి!

అరుస్తుందనుకుంది. తిడితే తిరిగి తిట్టడానికి కొంగు కూడా బిగించింది. వాసంతి అరవలేదు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"మూత మల్ల పెడత తియ్యి. ఏం మునిగింది?" అన్నది బాలలక్ష్మి. గొంతులో ధీమా అప్పటికే సగం పోయింది.

"పెట్టినా లాభం లేదత్తమ్మా. గాలి తగిలితే నిమిషాలల్లనే అంతా చెదిరిపోతది." అత్తను కూర్చోబెట్టి, ఏడుపు మింగుతూ మెల్లగా చెప్పింది. "ఎముక లోపట ఎప్పుడూ గాలి తక్కువే. మీ ఎముకల, నా ఎముకల గూడ. గాలి తక్కువైతే బతికేటందుకు కణాలల్ల కొన్ని జన్యువులు నిద్రలేస్తయ్. రోగం పట్టిన కణాలు గూడ గా జన్యువులనే అడ్డం పెట్టుకుని, మందు పోసినా లోపట దాసుకుంటున్నయేమో అని మా అనుమానం. ఏది నిద్రలేస్తున్నదో చూడాలంటే ఎముకల ఎట్లుంటదో గట్లనే ఉంచాలె. అందుకే మూత. ఆయనకు ఊపిరాడనిది జాడీతోటి కాదు, ఒంట్ల మంచి నెత్తురు తక్కువై."

"అయితే... ఇది నా కొడుకును బతికిస్తుండెనా?"

వాసంతి తల అడ్డంగా ఊపింది. "లేదత్తమ్మా. అబద్ధం చెప్పను. ఎన్నేండ్లకో, ఎవరికో పనికొస్తే వస్తది. ఆయనకూ గదే చెప్పిన. చెప్పినంకనే ఇచ్చిండు."

అత్తాకోడళ్లు ఇల్లు చేరేసరికి కొడుకు ఇంకా అలాగే ఎగపోస్తున్నాడు. మూత తీసినా ఊపిరి తేలిక కాలేదు! అప్పుడు ఆ తల్లికి అర్థమైంది. ఏ మంత్రమూ లేదు, ఏ మాయా లేదు. ఉన్నదంతా రోగమే...

సాయంత్రం ఆస్పత్రిలో నెత్తురు ఎక్కించాక రత్నాకర్ కొంచెం నిమ్మళించాడు. బాలలక్ష్మి మంచం పట్టీ పట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పేసింది. "నిన్ను పొడిచి తీసినది మట్టిపాలు చేసిన బిడ్డా... నీ తల్లినయి నేనే చేసిన!"

వాడు తల్లి వైపు తిరిగి, "విసిరినవా నిజంగ? కొంగుతోటి?" అన్నాడు. ఆమె తలూపింది. వాడి కళ్లు తడిశాయి. "దానికి సల్లగ ఉండెనేమో పాపం" అని నవ్వి, రౌండ్లకు వచ్చిన డాక్టరును ఆపాడు. "సార్, మందు ఎక్కించేలోపట ఇంకోసారి తియ్యరాదు?"

"తియ్యొచ్చు. మళ్లీ అంత నొప్పీ పడాలి. నీ వైద్యానికైతే అవసరం లేదు."

"వద్దు!" వాసంతి ఒక్క అంగలో అడ్డం వచ్చింది. "నాకు చదువొద్దు, పట్టా వద్దు. నిన్న మీరు పెట్టిన కేక నా చెవులల్ల ఇంకా ఉన్నది. ఇంకోసారి నేను చూడలేను!"

రత్నాకర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఒకరు నాకోసం మూత తీస్తరు, ఒకరు నాకోసం చదువు ఇడుస్తరు. ఎముక నాది, నెత్తురు నాది! నన్నెవరన్న అడిగిండ్రా?"

బాలలక్ష్మి పమిటతో ముఖం తుడుచుకుంది. "పొద్దుగాల తియ్యుండ్రి సారూ. నేను పట్టుకుంట."

తెల్లవారి ఆమే పట్టుకుంది. పక్కకు ఒత్తిగిలిన కొడుకు తలను పొట్టకు అదుముకుని, వెనక నడుమెముకలో సూది దిగుతుంటే కళ్లు మూసుకోలేదు. వాడి గోళ్లు ఆమె మోచేతిలో దిగబడ్డాయి. ఒక్క కేక... అంతే! మూత బిగించిన చిన్న గాజు గొట్టం వాసంతి చేతిలోకి వచ్చింది. ఇక ఆలస్యం చేయకుండా అది ల్యాబుకు చేరాలి. గేటు బయట పోచయ్య ఆటో ఆపి ఉంచాడు. కానీ వాసంతి కాళ్లు కదలడం లేదు. భర్త మూలుగుతున్నాడు, మందు సీసా రాబోతోంది. ఏ ఇల్లాలు కదులుతుంది!

"ఇంకా నిలబడ్డవేంది?" అన్నది బాలలక్ష్మి.

"అత్తమ్మా... ఈ టైంల నేను లేకపోతే..."

"నేనున్న గదా! ఆడు ఎవరికిచ్చిండో వాళ్ల దగ్గరికి చేర్చేది నీ పని. కొడుకును చూసుకునేది నా పని. పో బిడ్డా, పో!"

వాసంతి వంగి అత్త పాదాలు ముట్టుకుని, గొట్టాన్ని గుండెకు హత్తుకుని పరుగెత్తింది.

కాసేపటికి నర్సు మందు సీసా తెచ్చి స్టాండుకు తగిలించింది. చుట్టూ చూసి మొహం చిట్లించింది. "పేషెంట్ భార్య ఏదమ్మా? ఇలాంటప్పుడు కూడా వదిలేసి పోయిందా?"

బాలలక్ష్మి కొడుకు నుదుటి చెమట తుడుస్తూ తల ఎత్తింది.

"ఇడిసిపెట్టి పోలే. నేనే పంపిన."